ఈ పుస్తకం ఎవరి ఒంటి కోసం?

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా కావలిలో పాఠకుల ముందు ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. అమ్మా, వెనక నిలబడినవాళ్లు ఇటు రండి, ఫ్యాను కింద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఒక గంట పట్టొచ్చు, కూర్చోండి.

నేను ఏఎన్ఎంగా చేరినప్పుడు మొదటి పోస్టింగు పొదిలి దగ్గర ఒక సబ్‌సెంటర్. తర్వాత దర్శి, కనిగిరి వైపు తిరిగాను. సూపర్‌వైజర్‌గా రిటైరై ఇప్పుడు కావలిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. రోజూ పొద్దున పేపర్ చదవడానికి ఇక్కడికి వస్తాను. పోయిన నెల లైబ్రేరియన్ గారు పిలిచి, "అమ్మా, మన దగ్గర జనం ఎక్కువగా ఇంటికి తీసుకెళ్లేది నవలలు కాదు, ఆరోగ్యం పుస్తకాలు. వాటిలో ఏది పనికొస్తుందో, ఏది రాదో ఒకరోజు చెప్పండి" అన్నారు. సరేనని ఆ బీరువా ముందు నాలుగు రోజులు కూర్చున్నాను. ఇదుగో, ఈ బల్ల మీద ఉన్నవి ఆ పుస్తకాలే.

వీటి పేర్లు మాత్రం చెప్పను. ఇది మంచిది, అది చెడ్డది అని చెప్పేసి నేను వెళ్లిపోతే మీకు ఈ బల్ల మీద ఉన్నవాటి సంగతి ఒక్కటే తెలుస్తుంది. రేపు ఫోన్లో ఒక వీడియో వస్తుంది. ఎల్లుండి బస్టాండులో ఇంకో పుస్తకం కొంటారు. అప్పుడు పక్కన నేనుండను. అందుకని నేను పుస్తకాన్ని ఎలా చూస్తానో అది చెబుతాను.

నేను ముందు అట్ట చూడను, విషయసూచికా చూడను. "ఇది ఎవరు చెయ్యకూడదు" అని ఎక్కడైనా రాశారా అని వెతుకుతాను. గర్భిణులు, బాలింతలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, డెబ్బై దాటినవాళ్లు. వీళ్ల గురించి ఒక పేజీ, కనీసం ఒక పేరా ఉందా? ఈ బల్ల మీద పంతొమ్మిది పుస్తకాలున్నాయి. అలాంటి పేజీ ఉన్నవి నాలుగు. మిగతా పదిహేనూ అందరికీ ఒకే మాట చెప్పాయి. ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఏం చెప్పాయో, డయాలసిస్‌కి వెళ్లొచ్చే పెద్దాయనకీ అదే చెప్పాయి.

ఆ పేజీ గురించి నాకెందుకింత పట్టుదలంటారా? మా పెద్ద వదిన సంగతి చెబుతాను.

ఆమెది కందుకూరు దగ్గర ఊరు. పదేళ్లుగా షుగరు. పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమిపిరైడ్ మాత్ర, రెండు పూటలా మెట్‌ఫార్మిన్. మాత్రలు మర్చిపోయే మనిషి కాదు. నాకంటే క్రమశిక్షణ ఎక్కువ ఆమెకి. పక్కింటావిడ ఒక పుస్తకం ఇచ్చింది. సాయంత్రం ఆరింటికల్లా రెండు పండ్లతో భోజనం ముగించాలి, మర్నాడు పది దాకా నీళ్లు, నిమ్మరసం తప్ప ఏమీ ముట్టకూడదు. ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. పొద్దున్నే మాత్ర కూడా అలవాటు ప్రకారం వేసుకుంది. ఐదో రోజు ఎనిమిదిన్నరకి వంటింట్లో గోడకి ఆనుకుని కూలబడిపోయింది. జాకెట్టు తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది, ఎదురుగా ఉన్న కొడుకుని పట్టుకుని "ఎవరయ్యా నువ్వు?" అంటోంది. వాడు పక్షవాతం అనుకుని ఆటో కోసం పరిగెత్తాడు. అదృష్టం బాగుండి ఆ పూట నేను అక్కడే ఉన్నాను. వేలు గుచ్చి చూస్తే గ్లూకోజు 48. డెబ్బై కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క. మింగగలుగుతోంది కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాను. పావుగంటకి మనుషుల్ని గుర్తుపట్టింది.

ఎందుకలా అయిందంటే, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర మనం తిన్నామా లేదా అని చూడదు. క్లోమం నుంచి ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. పొట్టలో తిండి ఉంటే ఆ ఇన్సులిన్ దాని మీద పనిచేస్తుంది. లేకపోతే ఉన్న కాస్త గ్లూకోజునీ దించేస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఈ ప్రమాదం చాలా తక్కువ. అంటే ఉపవాసం మంచిదా చెడ్డదా అని అడిగితే దానికి జవాబు లేదు. ఎవరి ఉపవాసం, ఏ మాత్ర మీద ఉపవాసం అని అడగాలి.

తర్వాత ఆ పుస్తకం నేను తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. నిజం చెప్పాలి, అందులో మంచి ఉంది. అన్నం తగ్గించు, కూర పెంచు, భోంచేశాక ఇరవై నిమిషాలు నడువు అని చక్కటి తెలుగులో రాశాడాయన. మా వదిన కొడుకు ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెడతానన్నాడు. నేను వద్దన్నాను. ఆ పుస్తకంలో లేనిది ఒక్క వాక్యం: "షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌తో డోసు మార్పించుకోకుండా ఇది మొదలుపెట్టవద్దు." ఆ ఒక్క వాక్యానికి చోటు లేకపోయింది.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇది మన ప్రాంతం వాళ్లు ప్రత్యేకంగా వినాలి.

పొద్దున లేవగానే లీటరున్నర నీళ్లు తాగండి, రోజు మొత్తం మీద ఐదు లీటర్లు తాగండి. ఈ మాట తెలుగిళ్లలో తెలియనివాళ్లు లేరు. కిడ్నీలో రాళ్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లకి నీళ్లు ఎక్కువ తాగడం మంచిదే, డాక్టర్లూ అదే చెబుతారు. గుండె బలహీనపడి కాళ్లకి నీరొచ్చినవాళ్లకి, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి అదే మాట ప్రాణం మీదికి తెస్తుంది. అది ఒక ఎత్తు. నేను చెప్పబోయేది ఇంకొకటి. ఏ నీళ్లు?

మన దేశంలో నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకల జబ్బు వస్తుందని మొట్టమొదట గుర్తించింది ఎక్కడో తెలుసా? 1937లో, మన నెల్లూరు జిల్లాలో. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక అవి అటు వెళ్లాయి. 2008-09లో కేంద్రం ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ నివారణకి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలివిడత జిల్లాల్లో నెల్లూరు ఒకటి. నేను పనిచేసిన ఊళ్లలో బడికి వెళ్లి పిల్లల్ని "నోరు తెరవండి" అంటే సగం మంది పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. నలభై ఐదేళ్ల మనిషి మెడ తిప్పలేక, పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాడు. కింద పడిన రూపాయి బిళ్ల వంగి తీసుకోలేకపోయేవాడు.

అలాంటి ఊళ్లో ఒకాయన ఒకరోజు సబ్‌సెంటర్‌కి వచ్చి చాలా సంతోషంగా చెప్పాడు. "అమ్మా, పుస్తకంలో ఉన్నట్టు రోజుకి ఐదు లీటర్లు తాగుతున్నా. ఒళ్లంతా శుభ్రమవుతోంది" అని. ఏ నీళ్లయ్యా అంటే, "మా బోరు నీళ్లే, రాత్రి రాగి బిందెలో పోసి పెడతాను" అన్నాడు. ఆ బోరు నీళ్లు పరీక్ష చేయించిన కాగితం మా దగ్గరే ఉంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సర్దుకోవచ్చు. నేను మందుల చీటీ వెనక లెక్క వేసి చూపించాను. అంతకుముందు రోజుకి రెండు లీటర్లు తాగేవాడు, 8 మిల్లీగ్రాములు లోపలికి పోయేది. ఇప్పుడు ఐదు లీటర్లు, 20 మిల్లీగ్రాములు. ఆరోగ్యం కోసమని విషాన్ని రెండున్నర రెట్లు చేసుకున్నాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు చేసినవాడిలా చూశాడు. ఆయన తప్పేముంది? నమ్మి చేశాడు.

రాగి బిందెకి ఫ్లోరైడ్ తగ్గదు. కాచి చల్లారిస్తే కూడా పోదు. ఇంకా చెప్పాలంటే, మరిగేకొద్దీ నీరు ఆవిరైపోయి ఫ్లోరైడ్ అలాగే మిగులుతుంది కాబట్టి నీళ్లలో అది చిక్కబడుతుంది. ఆర్వో ప్లాంటు నీళ్లో, రిజర్వాయరు నుంచి వచ్చే కొళాయి నీళ్లో తాగడమే దారి. పాలు, పెరుగు, ఉసిరి, జామ లాంటివి తింటే కాల్షియం, సి విటమిన్ అందుతాయి, కొంత మేలు. టీ తగ్గించాలి, ఎందుకంటే టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది. ఇన్నేళ్లలో నేను చదివిన ఏ నీళ్ల వైద్యం పుస్తకంలోనూ "మీ ఊరి నీళ్లు ముందు పరీక్ష చేయించుకోండి" అన్న మాట కనపడలేదు. రాసినాయన ఊళ్లో నీళ్లు బాగుండి ఉంటాయి. చదివేవాడి ఊళ్లో నీళ్లెలా ఉంటాయో ఆయనకి తట్టలేదు.

కొంచెం నీళ్లు ఇవ్వమ్మా... ఆఁ, చాలు.

ఇప్పుడు ఈ పుస్తకం చూడండి. ఎనభై రెండో పేజీ. "మునగాకు పొడిలో పాలకంటే 17 రెట్లు కాల్షియం." ఈ వాక్యం మీరంతా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఇది అబద్ధమా? కాదు. వంద గ్రాముల ఎండు మునగాకు పొడిలో కాల్షియం సుమారు 2000 మిల్లీగ్రాములు. వంద గ్రాముల పాలలో సుమారు 120. భాగిస్తే దాదాపు పదిహేడే వస్తుంది. మరి చిక్కెక్కడ?

మా వంటింటి తక్కెడ తెచ్చాను. ఇదుగో ఇది మునగాకు పొడి. ఇది మామూలు టీ చెంచా. పాపా, నువ్విలా వచ్చి ఒక చెంచా వెయ్యి. ఎంత చూపిస్తోంది? మూడు గ్రాములు. గట్టిగా చెప్పు, అందరికీ వినపడాలి. మూడు గ్రాములు. ఈ చెంచాతో వంద గ్రాములు కావాలంటే ముప్పై మూడు చెంచాలు వెయ్యాలి. ముప్పై మూడు చెంచాల మునగాకు పొడి ఒక్కరోజులో ఎవరైనా తినగలరా? జనం తినేది ఒక చెంచా, మజ్జిగలో కలుపుకుని. ఆ చెంచాలో కాల్షియం 60 మిల్లీగ్రాములు. చిన్న గ్లాసు పాలు, రెండు వందల మిల్లీలీటర్లు తాగితే 240. అంటే మనం తీసుకునే కొలతల్లో చూస్తే పాలే నాలుగు రెట్లు ఎక్కువ. పదిహేడు రెట్లు అన్న మాటా నిజమే, ఇదీ నిజమే. కానీ మన పొట్టలోకి వెళ్లేది చెంచా లెక్క.

దీన్ని బట్టి మునగాకు తినొద్దని నేననడం లేదు. ఆషాఢంలో మునగాకు తినాలని మా అమ్మ వేపుడు చేసి, పప్పులో వేసి పెట్టేది. గుప్పెడు పచ్చి ఆకు, అంటే ముప్పై గ్రాములు పప్పులో పడితే మనిషికి దాదాపు 95 మిల్లీగ్రాముల కాల్షియం వస్తుంది. డబ్బాలో పెట్టి అమ్మే పొడి చెంచా కంటే పెరట్లో చెట్టు ఆకే నయం, పైగా పైసా ఖర్చు లేదు. మీరు ఏ పుస్తకంలోనైనా "ఇన్ని రెట్లు" అన్న మాట చూస్తే ఒక పెన్సిల్ తీసుకుని పక్కన రాసుకోండి: ఎంత తింటే? పచ్చిదా, ఎండుదా?

ఇక ఉత్తరాలు. ఈ లావు పుస్తకం చివర నలభై పేజీలు పాఠకుల ఉత్తరాలే. "పదిహేను రోజుల్లో షుగరు పోయింది", "నెలలో ఎనిమిది కేజీలు తగ్గాను". చదువుతుంటే నాకే ఆశ పుట్టింది. వీళ్లు అబద్ధం రాశారని నేననుకోను. కానీ నా ఉద్యోగంలో నాకు నేర్పిన ఒక పద్ధతుంది. టీకాల రిజిస్టర్ రాసేటప్పుడు మొదటి డోసుకి ఎంతమంది పిల్లలు వచ్చారో రాస్తే సరిపోదు. మూడో డోసుకి ఎంతమంది రాలేదో రాయాలి. దాన్ని డ్రాపవుట్ అంటాం. పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు ముందు ఆ గడే చూసేవాళ్లు. ఎందుకు రాలేదు, జ్వరం వచ్చి భయపడ్డారా, ఊరు మారారా అని ఇంటింటికీ తిరిగి కనుక్కోమనేవాళ్లు. ఈ పుస్తకంలో ఆ గడి లేదు. ఎంతమంది మొదలుపెట్టారు? ఎంతమంది పదో రోజు మానేశారు? ఎంతమంది మా వదినలా పడిపోయారు? మానేసినవాళ్లు ఉత్తరం రాయరు కదా. పడిపోయినవాళ్లు అసలే రాయరు, నాదే ఏదో లోపం అనుకుని ఊరుకుంటారు. మా వదిన కూడా రాయలేదు.

పదిహేను రోజులు అన్న మాట దగ్గర కూడా ఆగాలి. షుగరు నిజంగా అదుపులో ఉందో లేదో చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష దాదాపు మూడు నెలల సగటు చూపిస్తుంది, ఎందుకంటే ఎర్ర రక్తకణం ఆయుష్షు 120 రోజులు. పదిహేను రోజులకి ఆ పరీక్ష ఏమీ తేల్చలేదు. బరువూ అంతే. అన్నం ఒక్కసారిగా మానేస్తే కాలేయంలో, కండల్లో దాచిపెట్టుకున్న పిండి పదార్థం ఖర్చవుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న నీరు కూడా పోతుంది. మొదటి వారం తగ్గిన రెండు కేజీల్లో ఎక్కువ భాగం ఆ నీరే. మళ్లీ రెండు పూటలు అన్నం తింటే తిరిగొస్తుంది. అప్పుడు మనిషికి ఎంత దిగులో! ఏడాది తర్వాత సంగతి రాసిన పుస్తకం కనపడితే దాన్ని నేను గౌరవంగా చూస్తాను.

చిరుధాన్యాల గురించి నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతుంటారు. కనిగిరి వైపు నేను వెళ్లిన కొత్తల్లో ముసలమ్మలు కొర్రన్నం, వరిగన్నం, సజ్జ సంగటి గురించి చెబుతూ ఉండేవాళ్లు. అప్పటికే వాళ్ల మనవలు రెండు రూపాయల బియ్యానికి అలవాటు పడ్డారు. ఇప్పుడు అవే కొర్రలు ఊళ్లో షాపులో బియ్యానికి రెట్టింపు ధరకి అమ్ముతున్నారు. కొర్రల్లో పీచు ఎక్కువ, బియ్యం కంటే పిండి పదార్థం కొంత తక్కువ. తినండి, మంచి తిండి. కానీ వంద గ్రాముల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాములైతే కొర్రల్లో 60 పైమాటే. అది సున్నా కాదు. "ఇది షుగరుకి మందు" అని చదివి పళ్లెం నిండా పెట్టుకుంటే షుగరు పెరుగుతుంది.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మొదలైంది. ఆ తర్వాత హైదరాబాద్ వచ్చింది, 1969 నుంచి ఈ పేరు. అక్కడ సి. గోపాలన్ గారు, ఆయన తోటివాళ్లు 1960 ప్రాంతంలో ఒక విషయం గమనించారు. జొన్న మీదే బతికే పేదల్లో పెలాగ్రా అనే జబ్బు కనపడుతోంది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి గరుకెక్కుతుంది, విరేచనాలు, మతి తప్పడం. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటం అందుకు ఒక కారణం కావచ్చని వాళ్లు చెప్పారు. జొన్న విషం కాదు. జొన్న ఒక్కటే తినాల్సి రావడం, పక్కన పప్పు, పాలు, గుడ్డు, కూర లేకపోవడం వాళ్ల కష్టం. ఏ పుస్తకమైనా ఒక్క ధాన్యాన్నో, ఒక్క నూనెనో, ఒక్క ఆకునో దేవుడి పీట మీద కూర్చోబెడితే నాకు ఆ పేదవాళ్ల చేతులు గుర్తొస్తాయి.

ఉప్పు గురించి రెండు మాటలే. రోజుకి ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక టీ చెంచా. మన ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలతో అది ఇట్టే దాటిపోతుంది, తగ్గించాల్సిందే. కానీ మే నెల ఎండలో పొలానికి వెళ్లే మనిషికి, నీరు పోయే బీపీ మాత్ర వేసుకునే ముసలామెకి "ఉప్పు పూర్తిగా మానెయ్" అని చెప్పడం వేరు. ఒంట్లో సోడియం పడిపోయి మాట తడబడేవాళ్లని నేను చూశాను. ఉప్పుకి బదులు అని అమ్మే సోడియం తక్కువ ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి పొటాషియం గుండెని ఆపేయగలదు. కొబ్బరినీళ్లు కూడా వాళ్లకి అందుకే కుదరవు. కిడ్నీ రోగులున్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

ఇదుగో, ఈ రంగుల పుస్తకం ఇంగ్లీషు నుంచి తెచ్చి తెలుగులో వేసింది. పొద్దున అవకాడో, మధ్యాహ్నం కినోవా, రాత్రి సాల్మన్ చేప, మధ్యలో బ్లూబెర్రీలు. కాగితం చాలా బాగుంది. ఇది చదివి మా వీధిలో ఒక చిన్నమ్మాయి, గర్భిణి, "మాకు అవన్నీ కొనే స్తోమత లేదు పెద్దమ్మా, బిడ్డ సరిగ్గా పెరగదేమో" అని టెన్షన్ పడింది. నాకు చాలా బాధేసింది. నేను ఆ అమ్మాయిని మార్కెట్‌కి తీసుకెళ్లాను. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే చేపలు, కవళ్లు, నెత్తళ్లు చూపించాను. సాల్మన్‌లో ఏ కొవ్వు గురించి పుస్తకం అంత చెప్పిందో ఆ ఒమేగా-3 కవళ్లలోనూ ఉంది. నెత్తళ్లు ముల్లుతో సహా తింటే కాల్షియం అదనం. బండి మీద జామకాయలున్నాయి. వంద గ్రాముల జామలో సి విటమిన్ 200 మిల్లీగ్రాములకి పైనే, కమలాపండులో నలభై, యాభై. అన్నంతో పాటు జామో, నిమ్మకాయో తింటే ఆకుకూరలో ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటే టీ తాగితే తగ్గుతుంది. మన రాష్ట్రంలో 2019-21 సర్వే ప్రకారం నూటికి దాదాపు 59 మంది ఆడవాళ్లకి రక్తం తక్కువ. వాళ్లకి కావాల్సింది ఇలాంటి మాట. చేపల పులుసు తినే ఊరికి పుస్తకం రాసేవాళ్లు చేపల పులుసులోంచే దారి చూపించాలి. మీకు రుచించే తిండిలో ఏదీ మిగల్చని పుస్తకాన్ని మీరు పదిహేను రోజుల కంటే ఎక్కువ పాటించలేరు. తర్వాత మీ మీద మీకే కోపం వస్తుంది.

మరి నా దగ్గర ఏముందని అడుగుతారు. 2024 మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు వెలువరించాయి. పదిహేడు సూత్రాలు. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. అంతకుముందుది 2011లో వచ్చింది, అంటే మారిన విషయాలు మార్చారు. 2000 కేలరీల పళ్లెం ఒకటి వేశారు. రోజుకి మనిషికి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వద్దన్నారు. పొట్లాల మీద రాసింది చదివి కొనమన్నారు.

నేను దాన్ని కూడా అదే ప్రశ్నతో చూశాను. మా ఇంట్లో ఒక వారం తూకం వేసి వండాను. నలుగురికి రోజుకి కూరగాయలే కిలో ఆరు వందల గ్రాములు. మా అబ్బాయి జీతం మీద కష్టపడితే కుదిరింది. కూలికి వెళ్లే ఇంట్లో ఎలా కుదురుతుంది? పైగా 2000 కేలరీలు నాట్లు వేసే మనిషికి చాలవు. అది మందు చీటీ కాదు, జబ్బు లేనివాళ్లకి వేసిన లెక్క. అయినా నేను ఆ పుస్తకాన్నే ముందు పెడతాను. ఎందుకంటే అంకెలన్నీ బయటపెట్టారు, గర్భిణికి, బాలింతకి, పసిపిల్లలకి, ముసలివాళ్లకి వేరువేరుగా చెప్పారు. దాంతో నాకు కుదరనిది ఏదో నేను తూకం వేసి కనుక్కోగలిగాను.

ఒక చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1954 నాటి మందుల, మాయ వైద్యాల ప్రకటనల చట్టం ఉంది. షుగరు లాంటి కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే అది ఒప్పుకోదు. పుస్తకం వెనక అట్ట మీద అలాంటి మాట, దాని కిందే ఏదో పొడి డబ్బా బొమ్మ, ఫోన్ నంబరు ఉంటే అది పుస్తకం కాదు, అంగడి. డబ్బా మీద ఆహార భద్రత లైసెన్సు నంబరు ఉందని నమ్మకండి. అమ్మేవాడు రిజిస్టరయ్యాడని ఆ నంబరు చెబుతుంది, అంతే. జబ్బు తగ్గుతుందని చెప్పదు.

ఇక అడగండి.

(ఒక పెద్దాయన: రాగిజావ షుగరుకి మంచిదంటారు. నిజమేనా అమ్మా?)

రాగుల్లో కాల్షియం బాగుంది అయ్యా. కానీ మెత్తటి పిండి నీళ్లలో కాచి జావ చేస్తే తొందరగా అరుగుతుంది, షుగరు తొందరగా పెరుగుతుంది. పెద్ద గ్లాసుడు తాగితే ఇంకా. మీ దగ్గర గ్లూకోమీటర్ ఉందా? ఉంది కదా. రేపు జావ తాగేముందు ఒకసారి, రెండు గంటలకి ఒకసారి చూసుకోండి. ఎల్లుండి అదే పిండితో రొట్టె, పప్పు తిని చూసుకోండి. నాలుగు అంకెలు ఒక కాగితం మీద రాసి తీసుకురండి, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఆ కాగితం మీకు ఈ పంతొమ్మిది పుస్తకాల కంటే ఎక్కువ చెబుతుంది.

(ఒక విద్యార్థిని: మా నాయనమ్మ అన్నం మానేసి కొవ్వు మాత్రమే తినే పద్ధతి మొదలుపెట్టిందండీ, వారమైంది. బాగానే ఉన్నానంటోంది.)

ఏం మాత్రలు వేసుకుంటుందమ్మా? తెలీదా? షుగరుకేనా? చూడు తల్లీ, భయపడకు. ఈ మధ్య ఎక్కువమంది వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్ర ఉంటే, దాని మీద అన్నం పూర్తిగా మానేస్తే ఒంట్లో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. అప్పుడు షుగరు పరీక్షలో పెద్దగా తేడా కనపడకపోవచ్చు కూడా. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ రాత్రే ఇంటికెళ్లి మందుల డబ్బా మొత్తం తీసి పేర్లు రాసుకో. మాత్రలు నీ అంతట నువ్వు ఆపించకు, పొద్దున ఆమెకి మందులు రాసిన డాక్టర్‌కి చూపించండి. అది అయ్యాక నాయనమ్మని తీసుకుని ఇటు రా. ఆమె చదివిన పుస్తకం కూడా తెచ్చుకోండి. పది గంటలకల్లా నేను ఇక్కడే, ఆ కిటికీ పక్కన కూర్చుని ఉంటాను.